వాడ మనిషే వలంటీరు అయితే



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ సీసాలు ఊరూరి నుంచీ వచ్చాయి. పడవ దూరని సందుల్లో డాబాల మీదికి డ్రోన్లతో పొట్లాలు దించారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ఊడ్చేసినప్పుడూ అంతే. దేశం నలుమూలల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు, అయినవాళ్ళు కూడా గుర్తుపట్టలేని శవాలను ఎత్తి అంత్యక్రియలు చేశారు. ఆ తరవాత ఇళ్ళు కట్టించారు. అన్నం పెట్టడంలోనూ ఆపదకు పరుగెత్తడంలోనూ తెలుగువాళ్ళు ఎవరికీ తీసిపోరు. అయితే ఉప్పెనకు ఒక తేదీ ఉంటుంది. తేదీ లేని ఆపద మాటేమిటి? మురుగుకాల్వ పక్కన ఏళ్ళ తరబడి ఉన్న పేటలో, ఊరికి దూరంగా విసిరేసినట్టున్న తండాలో, బడికి పోవలసిన పిల్ల మిరపకోతకు పోయే వాడలో ఏడాది పొడుగునా ఉండే లేమిని మన సేవాభావం ఏ మేరకు కదిలిస్తోంది? ఎలా చేస్తే ఆ సేవ నిలుస్తుంది? ఈ ప్రసంగంలో నేను పరిశీలించదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది పంపిణీ. చలికాలంలో దుప్పట్లు, జూన్‌లో నోటుపుస్తకాలు, ఎండాకాలంలో మజ్జిగ, ఎవరి పుట్టినరోజుకో అనాథాశ్రమంలో ఒక పూట భోజనం. వీటిని చిన్నచూపు చూడను. దుప్పటి అందినవాడికి ఆ రాత్రి చలి ఆగుతుంది, అది తక్కువేం కాదు. దుప్పటికన్నా ఫ్లెక్సీ పెద్దదిగా ఉండే సభల సంగతి ఇక్కడ ఎత్తను. కాని మరుసటి ఏడాది అదే వాడకు అవే దుప్పట్లు మళ్ళీ మోసుకెళ్ళవలసి వస్తున్నదంటే, ఆ వాడ బతుకులో ఏదీ మారలేదనే కదా అర్థం. మన రాష్ట్రాల్లో పేదవాడల బతుకు నిజంగా మారిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని దగ్గరగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. వాడ మనిషే వలంటీరుగా నిలబడ్డాడు. అతను తన చేతి సొమ్ము పంచలేదు, ప్రభుత్వం నుంచి న్యాయంగా రావలసినదాన్ని వాడవాళ్ళ చేతనే అడిగించాడు. అలా జరిగిన చోట మార్పు నిలిచింది. పంచడంతో సరిపెట్టిన చోట, పంచినవాళ్ళు బండెక్కగానే పోయింది. ఇది నా వాదన. దీనికి అభ్యంతరాలు చాలా ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ముందు ఆధారాలు.

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏళ్ళ వయసులో పనిచేస్తున్న పిల్లలు దాదాపు 16.6 లక్షలమంది. దేశంలో మరే రాష్ట్రంలోనూ అంతమంది లేరు. హైదరాబాదును ఆనుకునే ఉన్న రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతగాడు అన్నమాట వింటే ఎవరికీ వింతగా ఉండేది కాదు. తండ్రి ఆసామి దగ్గర బాకీ పడతాడు, పదేళ్ళ కొడుకు ఆ బాకీ కింద పసులు కాయడానికి కుదురుతాడు. వెట్టిచాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసింది. అది కాగితం మీది మాట. ఈ పిల్లల కోసం అప్పట్లో ప్రభుత్వమూ సంస్థలూ కూడా చూపిన దారి ఒకటే: పగలు పని, రాత్రి బడి. అనియత విద్య అని దానికి పేరు. పొద్దంతా గొడ్ల వెంట తిరిగిన పిల్లవాడు లాంతరు ముందు కూర్చుని కునికిపాట్లు పడుతూ అ ఆలు దిద్దాలి. దాన్ని దయ అనుకున్నాం చాలాకాలం.

మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 ప్రాంతంలో ఆ జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు ఈ దారిని నిరాకరించింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా దాన్ని నడిపారు. ఆ కృషికి 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. బడిలో లేని పిల్ల ఎవరైనా సరే బాలకార్మికురాలే, ప్రతి బిడ్డా పగటిపూట మామూలు బడికే వెళ్ళాలి, పిల్లల పనిని సమర్థించే ఏ వాదననూ ఒప్పుకోం: వాళ్ళ పట్టు స్థూలంగా ఇదీ. ఆ రోజుల్లో చాలామందికి ఇది మొండితనంగా తోచింది. ఇల్లు ఊడ్చి, తమ్ముణ్ణి ఎత్తుకుని, నీళ్ళు మోసే ఆడపిల్ల కూడా ఆ మాటలోకి వచ్చేస్తుంది మరి. అంతవరకు ఆమె ఏ లెక్కలోనూ లేదు. బడిలో లేదు కనక విద్యాశాఖకు పట్టదు, కూలి తీసుకోదు కనక కార్మికశాఖకు పట్టదు.

ఈ పట్టును ఊళ్ళోకి మోసింది ఎవరన్నదే నా వాదనకు కీలకం. వాళ్ళలో ఎక్కువమంది ఆ పల్లెల్లోనే పుట్టి, ఇంట్లో మొదటిసారిగా పదో ఇంటరో చదివిన యువకులు, యువతులు. వాళ్ళు చేసిన మొదటి పని చాలా సాదాది: జాబితా రాయడం. గడప గడపకూ వెళ్ళి, ఆ ఇంట్లో బడియీడు పిల్లలెందరు, ఎవరు బడిలో ఉన్నారు, లేనివాళ్ళు ఎక్కడున్నారు అని పేరు పేరునా రాసుకోవాలి. బడి రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే ఆ జాబితా వేరే కథ చెబుతుంది. రిజిస్టరులో పేరుంటుంది, హాజరు పడుతూ ఉంటుంది, పిల్లవాడు మాత్రం పత్తిచేలో ఉంటాడు. బయటినుంచి వచ్చిన ఉద్యోగి అడిగితే తల్లి 'పోతున్నడు సారూ బడికి' అంటుంది, ఆయన రాసుకుని వెళ్ళిపోతాడు. పక్క ఇంటి మల్లయ్య కొడుకు అడిగితే అలా అనడం కుదరదు, ఎవరి పిల్లవాడు ఎవరి పొలంలో ఉన్నాడో అతనికి ముందే తెలుసు. అతను పగలు రాడు, పసులు ఇంటికి చేరే వేళ వస్తాడు. ఒకసారి కాదు, తండ్రి విసుక్కున్నా మళ్ళీ వస్తాడు. తండ్రి మెత్తబడ్డాక ఆసామి దగ్గర పంచాయతీ. బాకీ ఎంత, పిల్లవాడు చేసిన పనికి లెక్క ఎంత, ఇక మిగిలింది ఎంత అని ఊరి పెద్దల ముందు తేలాలి. ఊళ్ళో ఆసామితో రేపు కూడా ముఖం చూసుకోవలసిన మనిషి ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలో పల్లె తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పని నుంచి విడిపించిన పదకొండేళ్ళ పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారంలో పారిపోతాడు. అందుకని శిబిరాలు పెట్టారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి, మొదట ఆటపాటలతో బెరుకు తీసి, తరవాత చదువు దగ్గరికి చేర్చి, వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ బడిలో చేర్పించారు. ఇక్కడ సంస్థ తనకంటూ బడులు కట్టుకోగలిగేది. దాతలకు చూపించడానికి బాగుండేది. ఆ పని చేయలేదు. పిల్లలందరినీ సర్కారు బడి గుమ్మం ముందుకే తెచ్చి నిలబెట్టింది. అప్పుడు బడి అసలు రంగు బయటపడింది. జనన ధ్రువపత్రం లేదన్నారు, టీసీ లేదన్నారు, మధ్యలో చేర్చుకోం అన్నారు. గది చాలదు, పంతులు ఒక్కడే. ఇవన్నీ అంతకుముందూ ఉన్నవే, కాని అడిగేవాళ్ళు లేక బయటికి రాలేదు. ఊళ్ళో బాలల హక్కుల వేదికలు ఏర్పడి తల్లిదండ్రులే మండల కార్యాలయానికి వెళ్ళడం మొదలైంది. విశేషమేమంటే, ప్రభుత్వోపాధ్యాయుల్లోనే కొందరు బాల కార్మిక విమోచన వేదికగా కూడి ఈ పనిలోకి వచ్చారు. ఇది వలంటీర్లకూ పంతుళ్ళకూ తగువుగా మారి ఉంటే రెండు నెలల్లో ఆగిపోయేది.

దీని ఫలితం ఎంత? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే పిల్లల సంఖ్య 2001 నాటికి దాదాపు 13.6 లక్షలకు, 2011 నాటికి 4 లక్షల చిల్లరకు దిగింది. ఈ తగ్గుదలనంతా ఒక సంస్థ ఖాతాలో వేస్తే అబద్ధమవుతుంది. మధ్యాహ్న భోజనం వచ్చింది, గురుకులాలు పెరిగాయి, రోడ్లు పడ్డాయి, కుటుంబాలు చిన్నవయ్యాయి, ఇంగ్లీషు చదువు మీద పేదలకు కూడా ఆశ పుట్టింది. ఏది ఎంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. కాని ఒక్కటి చూడండి. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను, బడికి దూరమైన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలనీ, అందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అంటుంది. పద్నాలుగో సెక్షను, వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించరాదంటుంది. అంటే శంకర్‌పల్లి, చేవెళ్ళ ప్రాంతపు పల్లెల్లో కార్యకర్తలు హెడ్మాస్టర్ల బల్లల ముందు నిలబడి పోట్లాడిన విషయాలే దేశానికంతటికీ చట్టమయ్యాయి. పంచిన పలకలకు ఆ బలం లేదు.

రెండో ఆధారం నెల్లూరు జిల్లాది, ఇంకా ఆశ్చర్యమైనది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వేలమంది వలంటీర్లు, ఎక్కువగా చదువుకున్న పల్లె యువతే, రాత్రిపూట కూలితల్లులకు అక్షరాలు నేర్పారు. జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాల వాళ్ళు వెన్నుదన్నుగా నిలిచారు. వాచకంలో తాగుడు వల్ల చితికిన సంసారాల గురించి, ఆడవాళ్ళు కూడబలుక్కుని సారా దుకాణం మూయించడం గురించి పాఠాలున్నాయి. చదివినవాళ్ళు పాఠాన్ని పాఠంగా వదల్లేదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు సారా దుకాణాన్ని ఊరి నుంచి పంపేశారు. అక్కడినుంచి ఆ పోరాటం జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం రద్దయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారన్నది నిజమే, ఖజానాకు ఆ ఆదాయం మీద ఉన్న మమకారం అలాంటిది. అయితే ఇక్కడ గమనించవలసింది వేరు. అక్షరం నేర్పడానికి వచ్చినవాళ్ళు సారా ఆపుతామని రాలేదు. సాయంత్రం పూట పదిమంది ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి కల్పించారు, అంతే. మిగతాది ఆ ఆడవాళ్ళే చేశారు. తాము అనుకున్నదానికన్నా ఎక్కువ జరగడానికి వీలుగా పని చేసే వలంటీరు అరుదు. దాతకు అది రుచించదు కూడా, తన పథకంలో లేనిది జరిగితే నివేదికలో ఏ గడిలో రాయాలి?

ఇక అభ్యంతరాలు. మొదటిది, అన్నింటికన్నా బరువైనది: ఆకలి. కడుపు కాలుతున్నవాడి దగ్గరికి వెళ్ళి హక్కులు అడుగు అని చెప్పడం అన్యాయం కాదా? అన్యాయమే. గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా వండి పెట్టారు. 1909లో ఆమె కన్నుమూశారు. ఇప్పటికీ ఆ సీమలో ఆ పేరు ఎత్తితే చేతులు జోడిస్తారు. అలాంటి చెయ్యిని హక్కుల భాష తక్కువ చేయజాలదు. నేను అడిగేది తరవాతి మెట్టు గురించి. 2001లో రాజస్థాన్ పౌరహక్కుల సంఘం, గోదాముల్లో ధాన్యం పోగుబడి ఉండగా జనం పస్తులుండడమేమిటని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో సర్కారు బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం తప్పనిసరైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. చాలాచోట్ల వండింది పొదుపు సంఘాల ఆడవాళ్ళే. ఒక అన్నదాత ఎంత పెద్ద మనసు చేసుకున్నా రోజూ లక్షల పళ్ళేలు నింపలేరు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆ భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరే పెట్టుకుంది, సబబుగానే ఉంది. వండడం ఆపమని ఎవరూ అనరు. వండుతూనే, ఈ వాడ పిల్లలకు అంగన్‌వాడీ గుడ్డు ఎందుకు అందడం లేదు అని కనుక్కునే మనిషి ఒకడు ఆ వంటశాలలో ఉంటే చాలు.

రెండో అభ్యంతరం: పేదరికం ఉన్నంతకాలం పిల్లలు పనికి పోక తప్పదు, తల్లిదండ్రుల ఆదాయం పెంచకుండా బడి బడి అంటే ఏం లాభం? చదువుకున్నవాళ్ళ నోట ఎక్కువగా వినబడే మాట ఇది. రంగారెడ్డి అనుభవం దీన్ని గట్టిగానే ఎదుర్కొంది. ఒకే వాడలో, ఒకే కూలి మీద బతికే రెండిళ్ళలో ఒక ఇంటి పిల్ల బడిలోనూ మరో ఇంటి పిల్ల చేలోనూ ఉండడానికి కారణం ఆదాయం ఒక్కటే అయ్యే వీల్లేదు. బడికి వెళ్ళే దారి తెలియకపోవడం, పంతులు కసురుకోవడం, కాగితాలు, వీటన్నిటినీ మించి ఈ పిల్లకు చదువెందుకులే అన్న ఊరి ధోరణి. ఈనాడు చూడండి, ఏ పేదవాడలోకి వెళ్ళినా అప్పు చేసి మరీ పిల్లల్ని కాన్వెంటుకు పంపుతున్న కూలిజనం కనిపిస్తారు. చదివించాలన్న కోరిక వాళ్ళకు లేదని ఎవరైనా అంటే అది వాళ్ళను ఎరగని మాట. అయితే ఈ అభ్యంతరంలో నిజం పాలు కూడా ఉంది. తండ్రి మంచాన పడ్డ ఇంట్లో, ఒంటరి తల్లి ఇంట్లో వలంటీరు మాట ఒక్కటీ చాలదు. అక్కడ పింఛను రావాలి, రేషన్ కార్డు రావాలి. మళ్ళీ అది కూడా అడిగించవలసిందే.

మూడోది: ఇదంతా ప్రభుత్వం పని, మీరు చేస్తుంటే ప్రభుత్వం తప్పించుకోదా? పంచే సేవ విషయంలో ఈ మాట నిజం. ఆసుపత్రిలో లేని మందు సంస్థ తెచ్చి ఇస్తే, ఎందుకు లేదని అడిగే గొంతు ఆగిపోతుంది. అడిగించే సేవ విషయంలో మాత్రం ఇది తలకిందులవుతుంది, అక్కడ ప్రభుత్వం తప్పించుకునే దారి మూసుకుపోతుంది. అందుకే అధికారులకు దుప్పట్లు పంచేవాళ్ళంటే ఇష్టం, జాబితా రాసేవాళ్ళంటే కాస్త చిరాకు.

ఈ సందర్భంలో ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వలంటీర్ల వ్యవస్థను తలుచుకోకుండా ఉండలేం. యాభై ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, మొత్తం మీద రెండున్నర లక్షలమంది. పనివాడు ఆ వీధివాడే, ఇంటింటి సంగతీ తెలిసినవాడే. మంచంలో ఉన్న ముసలమ్మకు ఒకటో తారీకు పొద్దున్నే పింఛను చేతికొచ్చింది, అది చిన్న మేలు కాదు. మరి నేను చెబుతున్నది ఇదేనా? సగమే. ఆ వలంటీరు పైవాళ్ళకు జవాబుదారీ, యాభై ఇళ్ళకు కాదు. పథకం కిందికి మోసుకొచ్చాడు. కింద ఉన్న గోడు పైకి తీసుకెళ్ళి, అది తీరకపోతే యాభై ఇళ్ళవాళ్ళను వెంటపెట్టుకుని ఆఫీసు ముందు కూర్చునే స్వేచ్ఛ అతనికి లేదు. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం వలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచింది, ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగింది. పింఛను మాత్రం ఆగలేదు, గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులే ఇంటికి తెచ్చిస్తున్నారు. ఇంటి గుమ్మం దాకా తెచ్చివ్వడం జీతం తీసుకునే ఉద్యోగులతో అయ్యే పని అని తేలింది. అడిగించడమే వాళ్ళతో కానిది.

గౌరవ వేతనం మాట వచ్చింది కనక నాలుగో అభ్యంతరం కూడా చెప్పుకోవాలి. సేవ పేరుతో పేద యువతీయువకుల చేత ఊరికే చాకిరీ చేయించుకోవడం కాదా ఇది? ఈ విమర్శకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎందుకంటే చాలాచోట్ల అది నిజం. ఆశా కార్యకర్తలను చూడండి. కాన్పు నొప్పులంటే అర్ధరాత్రి వెంట వెళ్ళేది వాళ్ళు, రెండు రాష్ట్రాల్లోనూ గౌరవ వేతనం చాలక రోడ్డెక్కిందీ వాళ్ళే. సంస్థలు కూడా ఈ విషయంలో ప్రభుత్వానికేం తీసిపోవు. నా మటుకు నాకు తోచేది: వారానికి రెండు సాయంత్రాలు ఇచ్చేది సేవ, రోజంతా చేయించుకునేది ఉద్యోగం. రోజంతా చేయించుకుంటే జీతం ఇవ్వాలి, సేవ అనే పెద్దపేరు అడ్డం పెట్టుకోకూడదు. కేవలం వాడ ప్రేమ మీద ఆధారపడిన పని రెండుమూడేళ్ళకు ఇంకిపోతుంది. పెళ్ళిళ్ళవుతాయి, పట్నం పోతారు. అలా ఈ పని వదిలినవాళ్ళలో కొందరు వార్డు మెంబర్లుగా, సర్పంచులుగా తేలడం మాత్రం నష్టంగా లెక్కపెట్టనక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా కొంత చెప్పాలి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆ కరువు జిల్లాలో ఇళ్ళు కట్టించింది, బడులు నడిపింది, బత్తలపల్లిలో ఆసుపత్రి పెట్టింది. అందులో ఎక్కువ సొమ్ము స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపినది. నేను చెప్పిన అడిగించే పద్ధతికి ఇది భిన్నమైన ఉదాహరణ, ఇక్కడ కట్టి ఇవ్వడం చాలా ఉంది. అయినా నిలిచింది, అర్ధ శతాబ్దం దాటి నిలిచింది. కాబట్టి నా సూత్రం అన్నిచోట్లా అతుకుతుందని అనను. కాని 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కులో పడినప్పుడు, ఒక్క కాగితం మీద ఎన్ని ఆసుపత్రి మంచాలు ఆధారపడి ఉన్నాయో అందరికీ తెలిసివచ్చింది. అప్పుడు సంస్థకోసం వీధుల్లోకి వచ్చింది ఎవరు? ఆ ట్రస్టు పల్లెల జనమే. అంతకుముందే అక్కడి కుటుంబాలు ఇంట్లో హుండీ పెట్టుకుని తమకు తోచింది వేస్తూ వచ్చాయి. మొత్తం ఖర్చులో ఆ సొమ్ము కొద్దిదే అయినా, అది ఇచ్చినవాళ్ళు లబ్ధిదారులుగా ఉండిపోరు, వాటాదార్లవుతారు. ఇక మిగతా ధర్మం డబ్బు దారి మరోలా ఉంది. అమెరికా తెలుగువాళ్ళు పంపేది తమ సొంతూళ్ళకు వస్తుంది, ఆ ఊళ్ళు తరచు కాల్వ కింది ఊళ్ళే. కంపెనీలు చట్టప్రకారం లాభాల్లో తీసే రెండు శాతం కట్టడాలను, నీటి ప్లాంట్లను ఇష్టపడుతుంది, శిలాఫలకం వేయడానికి గోడ కావాలి కదా. సాయంత్రం పూట గడప గడపకూ తిరిగే అమ్మాయి బస్సు చార్జీకి, రెండు పూటల భోజనానికి డబ్బిచ్చే దాత దొరకడమే కష్టం.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక పెద్ద లోటు ఉంది. వాడ మనిషి వలంటీరు కావాలంటే ముందు వాడ ఉండాలి. వలస వచ్చినవాళ్ళకు అది ఉండదు. తెలంగాణలో ఇటుకబట్టీల సీజను నవంబరు, డిసెంబరుల్లో మొదలై మే దాకా సాగుతుంది. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని వస్తాయి. తల్లి, తండ్రి, పిల్లలు కలిసి ఎన్ని ఇటుకలు కోస్తే అంత. ఆ పిల్లలకు ఇక్కడి బడి భాష రాదు, ఇక్కడ ఓటు లేదు, రేషన్ కార్డు అక్కడ ఉండిపోయింది, పక్క ఊరివాళ్ళు ముఖం ఎరగరు. అక్కడి బడి రిజిస్టరులో వాళ్ళ పేర్లు ఉంటాయి, ఇక్కడి జాబితాలో ఉండవు. పాలమూరు వలస కూలీల పిల్లలు ముంబై, పుణే పనిచోట్ల ఇదే అవస్థ పడ్డారు, కనక మనకిది తెలియని బాధ కాదు. బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో, ఒడియా వచ్చిన బోధకులతో బడులు నడిపిన ప్రయత్నాలు మన దగ్గర ఉన్నాయి. సీజను అయ్యాక ఆ పిల్ల తిరిగి వెళ్ళిన ఊళ్ళో ఏ తరగతిలో కూర్చుంటుందన్నది ఆ బడుల చేతిలో లేదు. బయలుదేరే ఊళ్ళో ఒకరు, చేరే బట్టీ దగ్గర ఒకరు, ఇద్దరు వలంటీర్లు ఒకే జాబితా పట్టుకుని పనిచేస్తేనే ఇది తెమిలేది. విద్యాహక్కు చట్టం వలస కుటుంబాల పిల్లల్ని కూడా బడిలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థల మీదనే పెట్టింది. కాబట్టి వచ్చే సీజనులో బట్టీ ఉన్న ప్రతి పంచాయతీలో గ్రామసభ ముందు పెట్టవలసిన ప్రశ్న సులువైనదే: మన ఊరి పొలిమేరలో ఇప్పుడు బడియీడు పిల్లలు ఎందరున్నారు, బట్టీలో ఉన్నవాళ్ళను కలుపుకుని?